జంగమ్మ పెద్దమ్మ కొరికిన గింజ

ఇవాళ మధ్యాహ్నం నా నోట్లో ఒక బొబ్బరగింజ చిట్లింది. మెత్తగా నలిగిపోవాల్సింది, నలగలేదు. నాకు మిగిలిన నాలుగు పళ్ళ మధ్య పడి రెండు చెక్కలైంది. పైతోలు ఉడికింది, లోపలి పిండి పచ్చిగానే ఉంది. నాలుక మీదికి ముందు ఉప్పు వచ్చింది, దాని వెనకే పులుపు వచ్చింది. కుక్కర్ మూతకుండే రబ్బరు తెగిందని మా మనవరాలు శ్రావణి ఎర్ర బొబ్బర్లను గ్యాసు పొయ్యి మీద మామూలు గిన్నెలో పెట్టింది. గంటన్నర నుంచి గిన్నె తెర్లుతూనే ఉంది. ఇల్లంతా ఆ ఆవిరి వాసన. తొలివాన పడ్డ చెల్క మట్టి వాసనలా ఉంటుంది అది. “నానమ్మా, ఉడికినయో లేదో జర చూడు. ఉప్పు కూడ చూడు” అని గరిటెతో నాలుగు గింజలు తెచ్చి నా అరచేతిలో పోసింది. ఒకటి కొరికాను. నా కుడిచెయ్యి ఉప్పు డబ్బా వైపు పోబోయి మధ్యలోనే ఆగింది. నేను ఆపలేదు, దానంతట అదే ఆగింది. చెయ్యి అట్లా ఆగడం నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అది నా చెయ్యి కాదు.

అప్పటి నుంచి నా మనసు ఈ ఇంట్లో లేదు. ఆవకాయ వేసుకుని నాలుగు మెతుకులు తిన్నాక శ్రావణినే పిలిచి, నేను చెప్తాను నువ్వు రాయి అన్నాను. నాకు చదువు లేదు. అండాలు అని మూడక్షరాల సంతకం వచ్చు, అదీ ముసలితనంలో నేర్చుకున్నదే. జంగమ్మ పెద్దమ్మను చూసినవాళ్ళు నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆమెకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండింది. చెప్పలేదు. చెప్పడానికి ఏళ్ళకేళ్ళు ఆమె నా ఎదురుగానే కూర్చుంది, అయినా చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. వినాల్సిన మనిషి లేదు, మీరు వినండి.

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్టకు దిగువన మా వాడ ఉండేది. మా ఇల్లు, జంగమ్మ ఇల్లు ఒకే మట్టిగోడకు అటూ ఇటూ. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ జ్వరంతో పోయింది. బాపు దొర దగ్గర జీతముండేవాడు, తెల్లారక ముందు పోతే చీకటి పడ్డాకే రాక. అన్న అంజయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. నన్ను సాకింది జంగమ్మే. ఆమె మాకు చుట్టం కాదు. రావిర్యాల నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చి, మూడేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని, రెండెకరాల మెట్ట చెల్కను పట్టుకుని ఒక్కతే నిలబడ్డ మనిషి. పిల్లల్లేరు. నల్లగా పొడుగ్గా ఉండేది. చేతులు మగవాళ్ళ చేతులంత ఉండేవి. ముద్దుగా పిలవడం ఆమెకు రాదు. కోపమొస్తే పిల్లా అనేది, ప్రేమొచ్చినా పిల్లా అనే అనేది. ఏది ఏదో గొంతును బట్టి నేను తెలుసుకోవాలి.

ఆమె చెల్కలో జొన్నల మధ్య బొబ్బర్లు వేసేది. కాయలు ఎండాక కొట్టి, చెరిగి, నాలుగెండలు చూపించి, పిడకల బూడిదలో కలిపి కాగులో పోసేది. కాగు మూతికి గుడ్డ కట్టి పైన పేడ అలికేది. అట్లా పెడితే ఏడాదైనా పురుగు ముట్టదు. తినాలనుకున్నప్పుడు పేడ పగలగొట్టి, దోసెడు తీసి, బూడిద పోయేదాకా కడిగి నానబెట్టాలి. ఉడికించి, నీళ్ళు వంపి, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయ పోపు పెడితే గుడాలు. వేరే దిక్కున గుగ్గిళ్ళు అంటారట, మాకు గుడాలే. వంపిన నీళ్ళను కట్టు అంటాం. ఆ కట్టుతో పెద్దమ్మ చారు కాచేది. ఒక్క చుక్క పారబొయ్యనిచ్చేది కాదు. ఒకసారి నేను కట్టు ఒలకబోస్తే, “ఆ నేలను నాకు పిల్లా, రుచి అంతా ఆడనే ఉన్నది” అని మూడు రోజులు ఎత్తిపొడిచింది.

నేను మొదటిసారి పొయ్యి ముందు కూర్చున్న రోజు గుర్తుంది. చాటలో గింజలు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది, చూసింది, ఇక ఆగలేకపోయింది.

“గింజలు ఏరుతున్నవా పిల్లా, ఒక్కొక్కదానికి పేరు పెడుతున్నవా? గిట్లయితే పెండ్లీడుకొస్తవ్, రాళ్ళు ఆడనే ఉంటయ్.”

తర్వాత పక్కన చతికిలబడి అన్నీ చెప్పింది. మంట ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే వెన్నలా నలగాలి, తోలు మాత్రం ఊడొద్దు. అట్లా నలిగినాకే ఉప్పు.

“ఉప్పు ముందే ఏస్తే ఏమైతది పెద్దమ్మా?”

“గింజ మొండికేస్తది. నీ లెక్కనే.”

“చింతపండేస్తే?”

“చింతపండేస్తే ఇగ ఆ గింజ నీ మనుమరాలు పుట్టేదాక ఉడకది.”

ఆ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి నా వయసు పదో పదకొండో.

ఆ తర్వాత ఊళ్ళకు వేరే రోజులొచ్చాయి. సంఘం అన్నారు, దళం అన్నారు. దొర గడి ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచినందుకు అంజయ్యన్నను వంగదీసి వీపు మీద రాయి పెట్టారు. పొద్దంతా ఆ రాయి మోసి ఇంటికొచ్చాడు. మంచం మీద బోర్లా పడుకున్నాడు. పెద్దమ్మ ఆవనూనె కాచి వీపుకు రాసింది. నాలుగు రోజులకు అన్న ఇంట్లో లేడు. “నీ అన్న ఏడీ అని ఎవలన్న అడిగితే పట్నం పోయిండు, మిల్లుల పనికి కుదిరిండని చెప్పు. ఇంకో మాట నీ నోట్ల నుంచి రావొద్దు” అన్నాడు బాపు. అన్న పట్నం పోలేదని, దళంతో కలిసి రాచకొండ గుట్టల దిక్కు తిరుగుతున్నాడని నాకు చెప్పింది పెద్దమ్మే. చెప్పక తప్పలేదు ఆమెకు. వాళ్ళకు అన్నం పంపే పనిలో ఆమెకు నా చేతులు కావాలి.

ఆ పని పట్టపగలే జరిగేది. ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ పగలే క్షేమం. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు వాడలోని ఆడవాళ్ళందరూ చేలల్లో ఉన్న కూలీలకు సద్ది గంపలు ఎత్తుకుని బయల్దేరేవాళ్ళు. పదిహేను, ఇరవై గంపలు ఒకదాని వెనక ఒకటి కట్ట మీద నడిచేవి. నవ్వులు, తిట్లు, పక్కింటి కోడలి ముచ్చట్లు. ఆ వరసలో జంగమ్మ గంప ఒకటి. అందరికీ కూలీలున్నారు, ఆమెకూ ఉన్నారు అనుకుంటారు ఎవరైనా. కాలువ దాటాక ఆమె మెల్లగా వెనకబడి, తన చెల్క మీదుగా గుట్ట మొదట్లోని ముళ్ళపొద దగ్గరికి పోయి గంప దించి వచ్చేది. ఉత్త గంప మర్నాడు అక్కడే ఉండేది. కాలువ దాకా నేను నీళ్ళ ముంత పట్టుకుని తోడు పోయేదాన్ని. గంపలో జొన్నరొట్టెలు, వాటి మీద గుడాలు. గుడాలైతే చేత్తో తినొచ్చు, గుడ్డలో మూటగట్టుకుని నడుస్తూ తినొచ్చు, రెండో రోజుకు కూడా ఆగుతాయి. అందుకని బొబ్బర్లు.

ఆ ఆడవాళ్ళకు తెలియదా అంటే, తెలుసనే అనుకుంటాను. ఎవరూ ఒక్క మాట అడగలేదు. “జంగక్కా, నీ కూలోళ్ళు మస్తు తింటరు గద” అని ఒకామె అంటే, “పని గూడ గట్లనే చేస్తరమ్మా” అని ఈమె. అంతే. అందరి మధ్య నడవడమే ఆమెకు కాపలా.

ఒకరోజు గంప దించి వచ్చి పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతోంది.

“ఏమైంది పెద్దమ్మా?”

“నీ అన్న కనవడ్డడు. పొద ఎనక నుంచి తలకాయ పెట్టి, పెద్దమ్మా నీ గుడాలు చప్పగుంటున్నయ్, జర పులుపెయ్యరాదు అంటడు. గుట్ట మీద కూసోని పెండ్లి బువ్వ అడుగుతుండు దొంగ కొడుకు.”

అన్నకు పులుపు ప్రాణం. చిన్నప్పుడు చింతపండు ఉండలో ఉప్పు కలిపి పుల్లకు గుచ్చి చీకేవాడు. నాకు ఒక్కసారి నాకనిచ్చి లాక్కునేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. రేపటి గుడాల్లో చింతపండు వేద్దామని అడిగాను. పెద్దమ్మ ముఖంలోని నవ్వు పోయింది.

“గుట్ట మీద బొట్టు నీళ్ళున్నయా? పులుపు తింటే దూపైతది. దూపైతే నీళ్ళకు కాలువకు దిగుతరు. దిగితే కనవడతరు. నీ అన్న నాలుక కోసం అందరి పాణాలు తీద్దామా పిల్లా?”

నేను తల వంచుకున్నాను. అర్థం కాలేదని కాదు. నాకు అర్థమైంది. కానీ నా చేతి వంటని అన్నకు తెలిసేది ఎట్లా? గుడాలన్నీ పెద్దమ్మ పేరు మీదే పోతున్నాయి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పుల్లగా తగిలితే, ఇది మా అండాలు చేసిందని అతనికి తెలుస్తుంది. నన్ను తలుచుకుంటాడు. పన్నెండేళ్ళ పిల్లకు ఇంతకంటే పెద్ద ఆలోచన ఏముంటుంది!

ఇంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. నైజాం పాలన పోయిందన్నారు. ఇబ్రహీంపట్నంలో జెండా ఎగరేశారని, బెల్లం పంచారని బాపు వచ్చి చెప్పాడు. రజాకార్లు వస్తున్నారంటే చేలల్లో దాక్కున్న ఆడవాళ్ళు తలెత్తుకుని నడిచారు. ఇక అన్న వచ్చేస్తాడని నేను వాకిలి అలికి ముగ్గు వేశాను. రాలేదు. దళాలు ఇంకా గుట్టల్లోనే ఉన్నాయి, వాళ్ళను వెతకడానికి లారీలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. బట్టలు మారాయి, భాష మారింది. లారీ చప్పుడు మాత్రం ఆ పాత చప్పుడే. “జెండాలు ఎవలియైతేంది పిల్లా, గుట్ట మీద ఆకలి గట్లనే ఉన్నది” అని పెద్దమ్మ మళ్ళీ కాగు మూతి పగలగొట్టించింది. ఆ ఏడాది కొత్త పంట పోసిన కాగు అది. పేడ కొట్టి, బూడిదలో చెయ్యి పెట్టి గింజలు తీసింది నేనే.

ఆ రోజు పొద్దున కుండ పొయ్యి మీదికెక్కింది. గింజలు సగం ఉడికీ ఉడకకముందే పెద్దమ్మ కొడవలి తీసుకుని, “బర్రెకు గడ్డి కోసుకొస్త, మంట చూస్తుండు” అని వెళ్ళింది. వాకిట్లో ఎవరూ లేరు. ఉట్టి మీది చింతపండు నిమ్మకాయంత తీశాను. ఆఖరుకు వేద్దామంటే ఆఖరులో ఆమె పక్కనే ఉంటుంది. ఇప్పుడైతే కరిగిపోతుంది, కనబడదు. నీళ్ళల్లో పిసికి కుండలో పోశాను. ఉప్పు లేని పులుపు బాగుండదని గుప్పెడు ఉప్పు తీసి అది కూడా వేశాను. గరిటెతో కలిపాను. నాకు ఆమె చెప్పింది గుర్తులేదా? గుర్తుంది. సగం ఉడికాయి కదా, ఇక ఏమవుతుందిలే అనుకున్నాను. అన్న నవ్వు ఒక్కటే కళ్ళ ముందుంది.

పెద్దమ్మ వచ్చింది. గడ్డి దించింది. రొట్టెలు కాల్చింది. గింజ నొక్కి చూసింది. నలగలేదు. కట్టెలు ఎగదోసింది. మళ్ళీ నొక్కింది. అట్లాగే ఉంది. బయట ఆడవాళ్ళ గొంతులు మొదలయ్యాయి.

“జంగక్కా, రావా? పొద్దు నెత్తి మీదికొచ్చె.”

“నడువుండ్రి, ఎనకనే వస్త.”

“నీ కూలోళ్ళు నిన్నే తింటరియ్యాల!” అని ఎవరో నవ్వారు. గంపలన్నీ మా గోడ పక్క నుంచి ఒక్కొక్కటే పోయాయి. నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. చివరి గంప కూడా పోయాక వాడ ఖాళీ అయింది. పొయ్యిలో కట్టె చిటపటమనడం వినబడుతోంది.

అప్పుడు పెద్దమ్మ ఒక గింజ తీసి నోట్లో వేసుకుని కొరికింది. ఆమె కుడిచెయ్యి ఉప్పు గురిగి వైపు చాచి ఉంది. ఆ చెయ్యి మధ్యలో ఆగింది. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నేను నేల వైపు చూస్తున్నాను. తర్వాత ఆమె మసిగుడ్డ పట్టుకుని కుండ దించింది. వాకిట్లోకి మోసుకుపోయి కట్టునంతా బొట్టు మిగలకుండా గుంటలో పారబోసింది. గింజల మీద చల్లనీళ్ళు పోసి రెండుసార్లు కడిగింది. కొత్త నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

“పాత గింజలు” అన్నది, పొయ్యిని చూస్తూ. “గందుకే ఉడుకుతలెవ్వు.”

నా గుండెల మీది బరువు దిగింది. ఆమెకు తెలియలేదు, బతికిపోయాను అనుకున్నాను. శ్రావణీ, ఈ మాట ఉన్నదున్నట్టు రాయి. సంతోషపడ్డాను నేను ఆ క్షణాన.

గింజలు ఎంతోకొంత మెత్తబడేసరికి నీడలు తూర్పుకు తిరిగాయి. అయినా ఆమె పోతానంది. నిన్నా పోలేదు, ఇవాళా పోకపోతే వాళ్ళు ఏం తింటారు? చుట్టబట్ట తల మీద పెట్టుకుని గంప ఎత్తుకుంది. నేను ముంత పట్టుకుని లేచాను.

“నువ్వద్దు. ఇంట్లనే ఉండు. ఎవలడిగినా పెద్దమ్మ సద్ది తీస్కపోయిందని చెప్పు.”

“నేను కాలువ దాక వస్త పెద్దమ్మా.”

“చెప్తే ఇనవా పిల్లా?”

కోపమా ప్రేమా, ఆ ఒక్కసారి గొంతును బట్టి నాకు తెలియలేదు. గోడ ఎక్కి చూశాను. ఇరవై గంపల మధ్య నడిచే మనిషి ఎండలో కట్ట మీద ఒక్కతే పోతోంది. ఎంత దూరం నుంచైనా కనబడేటట్టు.

మిగిలింది నేను చూడలేదు. సద్ది తినిపించి తిరిగొస్తున్న ఆడవాళ్ళు చూశారు, వాళ్ళు చెప్పిందే చెప్తున్నాను. కట్ట మలుపులో లారీ ఆగి ఉంది. లారీ దిగిన మిలిటరీవాళ్ళు గంప దించమన్నారు. వాళ్ళల్లో తెలుగు వచ్చినతను ఒకడు అడిగాడు, ఎవరికి ఇది అని.

“కూలోళ్ళకు.”

“కూలోళ్ళు తిని చేతులు కడుక్కున్నరు గద. ఇప్పుడెవరికి?”

“ఆలస్యమైంది సారూ. గింజలు ఉడకలే.”

“ఒక్కదానివి. పది మంది తిండి. ఏ కూలోళ్ళో సూపియ్, పా.”

ఆమె చూపించలేదు. గంప కట్ట మీద బోర్లించారు. దెబ్బలు కొట్టారు. పేర్లు అడిగారు. ఆమె కుడిచేతిని రాయి మీద పెట్టించి తుపాకీ మడమతో గుద్దారు, మళ్ళీ అడిగారు. “గింజలు ఉడకలే సారూ, అంతే” అని మాత్రమే అన్నదట, ఎన్నిసార్లు అడిగినా. ఆఖరికి లారీ ఎక్కించుకుని పోయారు. గుట్ట మీదున్నవాళ్ళు ఇదంతా పైనుంచి చూసి రాచకొండ లోపలికి వెళ్ళిపోయారు. ఒక్కరూ దొరకలేదు. మా అన్న బతికాడు.

పెద్దమ్మ మళ్ళీ ఇంటికి వచ్చేసరికి చెల్కలో జొన్న కోతలైపోయాయి. బక్కచిక్కింది. కుడిచేతి వేళ్ళు విరిగినవి విరిగినట్టే అతుక్కున్నాయి. బొటనవేలు చూపుడువేలిని తాకేది కాదు. అంత పెద్ద చెయ్యి, గరిటె పట్టలేదు, కొడవలి పట్టలేదు. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ నేనే వండాను. గింజ ఉడికిందో లేదో నేను నొక్కి చూపిస్తే ఆమె కళ్ళతో చూసి తలూపేది. ఎడమచేత్తో తినడం నేర్చుకుంది. ఎవరైనా చూస్తుంటే తినేది కాదు.

చెబుదామనుకున్నాను. నిజం. ఒక పొద్దున ఆమె తల దువ్వుతూ, వెనక కూర్చుని ఉన్నాను కాబట్టి, ముఖం చూడాల్సిన పని లేదు కాబట్టి, ధైర్యం తెచ్చుకున్నాను.

“పెద్దమ్మా, ఆ దినం గుడాలల్ల…”

“పొయ్యి దిక్కు చూడు పిల్లా, ఏదో పొంగుతున్నట్టున్నది.”

లేచి వెళ్ళి చూశాను. పొయ్యి మీద ఏమీ లేదు. పొయ్యి ఆరి చాలాసేపైంది. తిరిగొచ్చేసరికి నా ధైర్యం కూడా ఆరిపోయింది.

పోరాటం ఆగిపోయాక అన్న ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, బాపు కూడా గుర్తుపట్టలేదు. నేరుగా పెద్దమ్మ వాకిట్లోకి పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ చేతిని తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమాడు. నేను గుడాల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

“ఆ దినం ఎందుకంత ఆలస్యమైంది పెద్దమ్మా? అందరితోని వస్తివంటే నిన్నెవలు చూస్తుండిరి?”

“పాత గింజలు బిడ్డా. చూసుకోలే. నాదే తప్పు.”

అన్న తల వంచుకుని ఏడ్చాడు. తర్వాత నన్ను చూసి, ఆమెను నవ్వించడానికి అన్నాడు: “పెద్దమ్మ గుడాలు చప్పగున్నయంటిని. ఇగ జన్మల అననే.” నా చేతిలో పళ్ళెం ఉంది. నోట్లో నాలుక ఉంది. ‘నాదే అన్నా’ అంటే అయిపోయేది. పళ్ళెం అక్కడ పెట్టి లోపలికి వెళ్ళాను.

నాకు తుర్కయాంజాల్ సంబంధం కుదిరింది. పెళ్ళిపందిట్లో పెద్దమ్మ ఎడమచేత్తో నా నెత్తిన అక్షింతలు వేసింది. కాన్పులకు, పండుగలకు వచ్చినప్పుడల్లా ఆమె దగ్గర కూర్చునేదాన్ని, చెప్పకుండానే లేచి వెళ్ళేదాన్ని. నా రెండో కొడుకు పాలు తాగే రోజుల్లో కబురొచ్చింది. నేను పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. నీళ్ళు పోసేటప్పుడు ఆ చెయ్యి నేనే కడిగాను. అప్పుడు కూడా, వినబడదని తెలిసి కూడా, చెప్పలేదు. చుట్టూ మనుషులున్నారు. తర్వాత బాపు పోయాడు, అన్న పోయాడు, మా ఆయన పోయి పన్నెండేళ్ళు. ఆయన దగ్గర నేను దాచింది ఈ ఒక్కటే.

ఇన్నేళ్ళూ నేను ఒకటే అనుకుంటూ బతికాను: ఆమెకు తెలియదు. గింజలు పాతవని ఆమె నిజంగా అనుకుంది, పొరపాటు పడింది. అట్లా అనుకోవడం నాకు సులువు. కానీ కాగులోవి కొత్త గింజలు. ఆ ముందు నెలలో ఇద్దరం కలిసే దానికి పేడ అలికాం. కట్టు బొట్టు వదలని మనిషి ఆ రోజు కుండెడు కట్టు గుంటలో పోసింది. ఇవన్నీ నా కళ్ళతో చూశాను. చూసినవాటిని పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. పెట్టుకుంటే ఏమవుతుందో లోపల ఎక్కడో తెలుసు కాబట్టే పెట్టుకోలేదేమో.

ఇవాళ మధ్యాహ్నం, నా చెయ్యి ఉప్పు డబ్బా దగ్గర ఆగిన తర్వాత, మా కొడుకు అన్నానికి ఇంట్లోకి వచ్చాడు. “ఇంక కాలేదానే అమ్మా? గంట నుంచి వాసన వస్తున్నది, గుడాలు వస్తలేవు” అన్నాడు. నేను ఆలోచించలేదు. నోరు దానంతట అదే అన్నది:

“పాత గింజలు బిడ్డా. గందుకే ఉడుకుతలెవ్వు.”

కిటికీ దగ్గర నిలబడ్డ శ్రావణి భుజాలు కిందికి దిగాయి. దాని గుండెల మీది బరువు దిగడం నాకు ఇక్కణ్ణుంచి కనబడింది. నా వైపు చూడలేదు, నేల వైపు చూసింది. ఆ గింజల పొట్లం నిన్ననే వచ్చింది, కొత్తది. నాకు తెలుసు, దానికీ తెలుసు. అప్పుడు అర్థమైంది నాకు, ఎనభై దాటాక, ఈ కుర్చీలో. ఒక్క గింజ కొరికితే చాలు. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, ఎవరు వేశారో తెలుస్తుంది, ఎందుకు వేశారో కూడా తెలుస్తుంది. ఆమెకు ఆ క్షణంలోనే అంతా తెలుసు. తెలిసే కట్టు పారబోసింది, పైవాళ్ళకు దూప కావొద్దని. తెలిసే నన్ను ఇంట్లో ఉంచింది. తెలిసే ఆ రాయి మీద చెయ్యి పెట్టి గింజలు ఉడకలేదని మాత్రమే అన్నది. తెలిసే అన్న ముందు తప్పు తన మీద వేసుకుంది. నేను దాచిపెట్టానని అనుకున్నది ఆమె నా కోసం దాచింది. నేను చెప్పి ఉంటే ఆమె బరువు సగమయ్యేది. ఒక్కతే మోసింది, అది కూడా కుడిచెయ్యి లేకుండా.

ఇక్కడిదాకా రాసి శ్రావణి కలం ఆపింది.

“నానమ్మా, ఉప్పు నేనే ముందుగాల ఏసిన. చింతపండు గూడ. యాదికి లేక కాదు. ఏమైతదిలే అనుకున్న.”

నాకు డెబ్బై ఏళ్ళు పట్టినా రాని మాట దానికి ఒక్క పూటలో వచ్చింది.

“తెలుసు బిడ్డా” అన్నాను.

ఆ రెండు మాటలే. నేను నోరు తెరిచి ఉంటే జంగమ్మ పెద్దమ్మ కూడా నాకు అవే చెప్పి ఉండేది, బిడ్డా అనకుండా పిల్లా అని. వినకుండానే పోగొట్టుకున్నాను. అన్న కోసమని వేసిన ఆ పులుపు అన్న నాలుకకు తగల్లేదు. కొంత గుంటలో, కొంత కట్ట మీద మట్టిలో పోయింది. నేను మొదటిసారి నా ఇష్టంతో చేసిన వంటను రుచి చూసింది ఆమె ఒక్కతే, ఒక్క గింజ. ఎట్లుందో చెప్పలేదు.

గిన్నెలో నీళ్ళు వంపేసి, రెండుసార్లు కడిగి, కొత్త నీళ్ళు పోయమని శ్రావణితో అన్నాను. పోసింది. పొయ్యి మళ్ళీ వెలిగించింది. సాయంత్రానికి ఉడుకుతాయి.